బేస్ గిటారు తీగల ఎత్తు సవరణ

బేస్ గిటారు తీగలకు, వాటి క్రింద ఉండే మెట్లకు నడుమ గల దూరాన్ని వాయించేవారికి అనువుగా సరిచేయడాన్ని తీగల ఎత్తు సవరణ అంటారు. ఈ దూరాన్ని వాద్యకారులు "యాక్షన్" అని వ్యవహరిస్తారు. ఎత్తును ఒక్కదానినే మార్చడం సాధ్యం కాదు. మెడ వంపు, నట్ గాళ్ళ లోతు, బ్రిడ్జి ఎత్తు, తీగ పొడవు, పికప్ దూరం అనే ఐదు అంశాలు ఒకదానిపై ఒకటి ఆధారపడి ఉంటాయి. వీటన్నిటినీ ఒక వరుసలో సరిచేయడాన్ని మొత్తంగా "సెటప్" లేదా అమరిక అంటారు. ఈ వరుస తప్పితే చేసిన పనినే మరల మరల చేయవలసి వస్తుంది. ఒక్కొక్కప్పుడు వాయిద్యమే చెడిపోవచ్చు.

చరిత్ర

అమెరికాలోని సియాటిల్ నగరానికి చెందిన పాల్ టుట్‌మార్క్ 1930లలో మెట్లు గల విద్యుత్ బేస్ వాయిద్యాన్ని తయారుచేశాడు. అయితే ఇది విస్తృతంగా ప్రచారంలోకి వచ్చింది మాత్రం 1951లో లియో ఫెండర్ సంస్థ ప్రెసిషన్ బేస్‌ను విడుదల చేసిన తరువాతనే. అంతకుముందు వాడుకలో ఉన్న డబుల్ బేస్‌కు మెట్లు లేవు. వేలు ఎక్కడ ఉంచాలో వాయించేవారి చెవే నిర్ణయించవలసి వచ్చేది. మెట్లు ఉండడం వల్ల స్వరం కచ్చితంగా పలుకుతుందన్న భావంతోనే ఫెండర్ వాయిద్యానికి "ప్రెసిషన్" అనే పేరు వచ్చింది.

మెడ లోపల అమర్చే ఉక్కు కడ్డీ అంతకంటె పాతది. గిబ్సన్ సంస్థలో పనిచేసిన థాడియస్ మెక్‌హ్యూ రూపొందించిన ట్రస్ రాడ్‌కు 1923లో పేటెంటు లభించింది. నేటి బేస్ గిటార్లలో అధిక భాగం ఇదే సూత్రంపై ఆధారపడి ఉన్నాయి.

తెలుగువారికి ఈ వాయిద్యం ప్రధానంగా సినిమా సంగీతం ద్వారా పరిచయమైంది. ఇళయరాజా సంగీతం సమకూర్చిన గీతాంజలి (1989) వంటి చిత్రాల పాటలలో బేస్ గిటారు పలికే స్వరాలు పాటకు సమాంతరంగా మరొక రాగరేఖ వలె నడుస్తాయి. నేడు వరంగల్, హనుమకొండ, కాజీపేట వంటి పట్టణాలలో కూడా చర్చి గాయక బృందాలలోను, కళాశాలల వాద్యబృందాలలోను, వేడుకలలో పాడే ఆర్కెస్ట్రాలలోను ఈ వాయిద్యం కనిపిస్తుంది.

అమరిక ఎందుకు అవసరం

కర్మాగారంలో తయారైన వాయిద్యం కొన్నవారి చేతికి వచ్చేసరికి వేల కిలోమీటర్లు ప్రయాణించి, పలు గోదాములలో నెలల తరబడి నిలువ ఉండవచ్చు. ఆ కాలంలో చెక్క తేమను పీల్చుకొనడం, కోల్పోవడం జరుగుతుంది. పైగా తీగలు మెట్లకు తగిలి మోగకుండా ఉండాలని తయారీదారులు చాలాసార్లు వాటిని కొంచెం ఎత్తుగానే ఉంచి పంపుతారు. తక్కువ ధర గల వాయిద్యాలలో ఒక్కొక్క దానిని విడిగా పరీక్షించి సరిచేసే అవకాశం తక్కువ.

దీని ఫలితాన్ని అనుభవించేది కొత్తగా నేర్చుకొనే విద్యార్థి. తీగ ఎత్తుగా ఉంటే దానిని మెట్టు వరకు నొక్కడానికి ఎక్కువ బలం కావాలి. వేళ్ళు నొప్పి పెడతాయి, మణికట్టు అలసిపోతుంది. అంతేకాక, ఎక్కువ దూరం నొక్కబడిన తీగ సాగి, దాని బిగువు పెరిగి, ఉండవలసిన స్వరం కంటె కొంచెం హెచ్చుగా పలుకుతుంది. విద్యార్థి వేలు సరియైన చోటనే ఉన్నా స్వరం తప్పుగా వినబడుతుంది. లోపం వాయిద్యంలో ఉండగా అది తన చేతిలోనో, చెవిలోనో ఉన్నదని భావించి సాధన మానివేసేవారు ఉన్నారు. ఎంతో కాలం డబ్బు కూడబెట్టి కొన్న వాయిద్యం మూలన పడడానికి ఒక గంట పని చేయకపోవడమే కారణం కావచ్చు.

ముఖ్య భాగాలు

వీణతో పరిచయం ఉన్నవారికి బేస్ గిటారు భాగాలను గుర్తించడం సులువు.

మెడ: వీణ దండి వంటిది. దీని ముందుభాగాన అడ్డముగా లోహపు మెట్లు బిగించి ఉంటాయి.

నట్: వీణలో మేరువు చేసే పనిని ఇది చేస్తుంది. బిరడల వైపు తీగలు దీనిపై గల సన్నని గాళ్ళలో కూర్చుంటాయి.

బ్రిడ్జి: వీణలోని గుర్రము వంటిది. అయితే బేస్ గిటారులో ఒక్కొక్క తీగకు విడివిడిగా "శాడిల్" అనే చిన్న లోహపు దిమ్మె ఉంటుంది. దానిని పైకి క్రిందికి, ముందుకు వెనుకకు జరపవచ్చు.

ట్రస్ రాడ్: మెడ లోపల దాగి ఉండే ఉక్కు కడ్డీ. దీని మర తల బిరడల వైపు గాని, మెడ మొదలువద్ద గాని ఉంటుంది.

పికప్: తీగ కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే అయస్కాంత పరికరం.

సాధారణ బేస్ గిటారులో నట్ నుండి శాడిల్ వరకు తీగ పొడవు 34 అంగుళాలు, అనగా సుమారు 864 మి.మీ. నాలుగు తీగలను లావు నుండి సన్నము వరకు ఇ, ఎ, డి, జి అని పిలుస్తారు. వీటి పౌనఃపున్యాలు వరుసగా సుమారు 41.2, 55, 73.4, 98 హెర్ట్‌జ్. శ్రుతి చేసినపుడు ఈ నాలుగు తీగలూ కలిసి మెడను 70 నుండి 80 కిలోల బరువుతో సమానమైన బలంతో ముందుకు లాగుతుంటాయి. ట్రస్ రాడ్ ఈ లాగుడుకు ఎదురు నిలుస్తుంది.

కావలసిన పనిముట్లు

శ్రుతి చూపే ట్యూనర్, అర మిల్లీమీటరు గీతలు గల ఉక్కు స్కేలు, ఫీలర్ గేజి, వాయిద్యంతో పాటు వచ్చిన అలెన్ కీలు, ఒక స్క్రూడ్రైవర్ ఉంటే చాలును. ఫీలర్ గేజి మోటారు విడిభాగాల దుకాణాలలో దొరుకుతుంది. మెకానిక్కులు ఇంజను టాపెట్ల ఎడమును సరిచేయడానికి వాడేది ఇదే. అది లేనిచోట, సుమారు 0.3 మి.మీ. మందం గల విజిటింగ్ కార్డును వాడవచ్చు. స్కేలులో సున్న గీత అంచువద్దనే మొదలు కావాలి. అంచుకు, సున్నకు మధ్య ఖాళీ ఉన్న స్కేలుతో ఈ కొలత తీయరాదు.

అలెన్ కీలు అంగుళాల కొలతలోను, మిల్లీమీటర్ల కొలతలోను లభిస్తాయి. వదులుగా పట్టే కీని వాడితే మర తల అరిగిపోయి, తరువాత ఏ కీ కూడా పట్టదు.

ఫోనులోని ట్యూనర్లు కొన్ని ఇ తీగ యొక్క 41.2 హెర్ట్‌జ్ నాదాన్ని సరిగా గుర్తించలేవు. అపుడు 12వ మెట్టు సరిగ్గా పైన తీగను నొక్కకుండా వేలితో తాకి మీటి, వెంటనే వేలు తీసివేయాలి. అపుడు రెట్టింపు పౌనఃపున్యం, అనగా 82.4 హెర్ట్‌జ్ గల అనుస్వరం పలుకుతుంది. ట్యూనర్ దీనిని తేలికగా గుర్తిస్తుంది.

సవరణ క్రమం

మొదట వాయిద్యాన్ని గదిలో ఒక పగలు, ఒక రాత్రి ఉంచి, అక్కడి వాతావరణానికి అలవాటు పడనివ్వాలి. తీగలు తుప్పు పట్టి ఉంటే కొత్తవి వేయాలి. వాడదలచిన మందం గల తీగలనే వేసి, వాడదలచిన శ్రుతిలోనే ఉంచి కొలతలు తీయాలి. తీగల మందం మారితే లాగుడు మారుతుంది, లాగుడు మారితే మెడ వంపు మారుతుంది.

1. మెడ వంపు

మీటిన తీగ నడిమి భాగంలో ఎక్కువ వెడల్పుగా కంపిస్తుంది, రెండు చివరల తక్కువగా కంపిస్తుంది. ఆ కంపనానికి చోటు ఉండడానికి మెడ తీగల వైపు అతి స్వల్పంగా లోతట్టు వంపు కలిగి ఉండాలి.

కొలిచే విధానం: ఇ తీగను మొదటి మెట్టు వద్ద ఒక చేతితోను, మెడ శరీరంతో కలిసే చోట ఉన్న మెట్టు వద్ద మరొక చేతితోను నొక్కి పట్టాలి. నొక్కిన రెండు చోట్ల మధ్య తీగ సరళరేఖ అవుతుంది కనుక అదే కొలబద్ద వలె పనిచేస్తుంది. 7 లేదా 8వ మెట్టు వద్ద తీగకు, మెట్టుకు మధ్య ఎడం సుమారు 0.3 మి.మీ. ఉండడం సామాన్యంగా తగినది. ఫీలర్ గేజిని దూర్చడానికి మరొకరి సాయం తీసుకొనవచ్చు.

ఎడం ఎక్కువగా ఉంటే ట్రస్ రాడ్ మరను గడియారపు ముల్లు తిరిగే దిశలో బిగించాలి. ఎడం బొత్తిగా లేకపోతే వ్యతిరేక దిశలో వదులు చేయాలి. ఒకసారికి ఎనిమిదవ వంతు చుట్టు, హెచ్చయితే నాలుగవ వంతు చుట్టు మాత్రమే తిప్పాలి. బిగించే ముందు తీగలను కొంచెం వదులు చేసి, బిగించిన తరువాత మరల శ్రుతి చేసి కొలవాలి. చెక్క వెంటనే పూర్తిగా కదలదు. మరునాడు మరల కొలిచి చూడడం ఉత్తమం. మర గట్టిగా ఉండి తిరగకపోతే బలవంతం చేయరాదు. కడ్డీ లోపల విరిగితే దానిని బాగుచేయడానికి అయ్యే వ్యయం కొన్నిసార్లు వాయిద్యం ధరను మించుతుంది.

2. నట్ గాళ్ళు

ఒక తీగను 3వ మెట్టు వద్ద నొక్కి, మొదటి మెట్టు మీద ఎడం చూడాలి. అక్కడ కంటికి కనిపించీ కనిపించనంత ఎడం మాత్రమే ఉండాలి. పైనుండి వేలితో తట్టినపుడు తీగ కొంచెం కదిలితే చాలును. ఎడం చాలా ఎక్కువగా ఉంటే గాళ్ళు లోతు చేయాలి. అయితే ఎక్కువగా అరగదీస్తే నట్‌ను మార్చడం తప్ప వేరు మార్గం ఉండదు. ఇది నిపుణునికి వదలవలసిన పని.

3. తీగల ఎత్తు

మెడ వంపు కుదిరిన తరువాతనే శాడిల్ ఎత్తును ముట్టుకోవాలి. 12వ మెట్టు పైభాగం నుండి తీగ అడుగుభాగం వరకు ఉన్న దూరాన్ని కొలవాలి. ప్రారంభ దశలోని వారికి ఇ తీగ వద్ద 2.0 నుండి 2.5 మి.మీ., జి తీగ వద్ద 1.5 నుండి 2.0 మి.మీ. అనుకూలంగా ఉంటుంది. లావు తీగ ఎక్కువ వెడల్పుగా కంపిస్తుంది కనుక దానికి ఎక్కువ చోటు ఇవ్వాలి.

ఎంత మార్చాలో సామాన్య జ్యామితితో తెలుసుకొనవచ్చును. 12వ మెట్టు తీగ పొడవులో సరిగ్గా సగం వద్ద ఉంటుంది. నట్ వైపు చివర కదలదు కనుక, శాడిల్‌ను 1 మి.మీ. దించితే 12వ మెట్టు వద్ద తీగ 0.5 మి.మీ. మాత్రమే దిగుతుంది. 5వ మెట్టు వద్ద పావు మిల్లీమీటరు, 7వ మెట్టు వద్ద మూడవ వంతు దిగుతుంది.

ఉదాహరణ: కొత్త వాయిద్యంలో 12వ మెట్టు వద్ద ఇ తీగ ఎత్తు 3.5 మి.మీ. ఉన్నది. దానిని 2.25 మి.మీ.కు తేవాలి. తగ్గవలసినది 1.25 మి.మీ. కాబట్టి శాడిల్‌ను 2.5 మి.మీ. దించాలి. శాడిల్ మర 3 మి.మీ. మెట్రిక్ మర అయితే ఒక పూర్తి చుట్టుకు 0.5 మి.మీ. కదులుతుంది. అనగా ఐదు చుట్లు తిప్పాలి. ఒకేసారి కాక, ఒక్కొక్క చుట్టు తిప్పి వాయించి చూస్తూ పోవడం మంచిది.

ప్రతి శాడిల్‌కు రెండు మరలు ఉంటాయి. రెండింటినీ సమంగా తిప్పకపోతే శాడిల్ ఒరిగిపోతుంది. మెట్లున్న పలక అడ్డముగా కొంచెం కుంభాకారంగా ఉంటుంది. నాలుగు శాడిల్‌లు కూడా అదే వంపును అనుసరించాలి.

4. స్వరశుద్ధి

తీగల ఎత్తు మారినపుడు నొక్కిన స్వరం కూడా కొద్దిగా మారుతుంది. 12వ మెట్టు వద్ద నొక్కి మీటిన స్వరం, అదే చోట వేలు తాకించి పలికించిన అనుస్వరం ఒకటిగా ఉండాలి. నొక్కిన స్వరం హెచ్చుగా ఉంటే శాడిల్‌ను మెడకు దూరంగా జరిపి తీగ పొడవు పెంచాలి. తగ్గుగా ఉంటే మెడ వైపు జరపాలి. జరిపే ముందు తీగను వదులు చేసి, తరువాత మరల శ్రుతి చేసి పరీక్షించాలి. నాలుగు శాడిల్‌లు ఒకే వరుసలో కాక మెట్ల వలె వెనుకా ముందూ నిలవడం సహజం. లావు తీగ బిరుసుగా ఉంటుంది కనుక దానికి కొంచెం ఎక్కువ పొడవు అవసరమవుతుంది.

5. పికప్ దూరం

చివరి మెట్టు వద్ద తీగను నొక్కి పట్టి, తీగ అడుగుభాగానికి, పికప్‌కు మధ్య దూరం కొలవాలి. లావు తీగ వైపు సుమారు 3 మి.మీ., సన్న తీగ వైపు సుమారు 2.5 మి.మీ. నుండి మొదలుపెట్టవచ్చు. మరీ దగ్గరగా ఉంటే అయస్కాంతం తీగను ఆకర్షించి స్వరం వణుకుతుంది. మరీ దూరమైతే ధ్వని బలహీనపడుతుంది.

అపశబ్దాన్ని బట్టి లోపాన్ని గుర్తించుట

తీగ మెట్టుకు తగిలినపుడు వచ్చే గరగర శబ్దం ఎక్కడ వినబడుతున్నదో గమనిస్తే కారణం తెలుస్తుంది.

నొక్కని తీగ మాత్రమే గరగరలాడితే నట్ గాడి లోతు ఎక్కువైనట్లు. మొదటి మెట్టు నుండి 5వ మెట్టు వరకు వస్తే మెడ వంపు చాలనట్లు. 12వ మెట్టు పైన మాత్రమే వస్తే శాడిల్ ఎక్కువగా దించినట్లు. ఒకే ఒక మెట్టు వద్ద వస్తే దాని ముందున్న మెట్టు ఎత్తుగా లేచి ఉన్నట్లు భావించవచ్చు. ఈ చివరిది మరలు తిప్పితే పోయేది కాదు. మెట్టును సమం చేయడం తెలిసినవారికి చూపించాలి.

ఆంప్లిఫయరు లేకుండా వాయించినపుడు లీలగా వినబడే గరగర, ఆంప్లిఫయరులో వినబడకపోతే దానిని లోపంగా ఎంచనవసరం లేదు.

సరియైన ఎత్తు ఎంత

అందరికీ వర్తించే ఒకే కొలత లేదు. 1960లలో మోటౌన్ సంస్థ పాటలకు బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ తీగలను బాగా ఎత్తుగా ఉంచుకొని, కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితోనే మీటేవాడు. మెట్లు తీసివేసిన బేస్‌తో ప్రసిద్ధి పొందిన జాకో పాస్టోరియస్ తీగలను పలకకు చాలా దగ్గరగా ఉంచుకొనేవాడు. గట్టిగా మీటేవారికి ఎత్తు కావాలి, మృదువుగా మీటేవారికి తక్కువ ఎత్తు చాలును. పైన చెప్పిన అంకెలు ప్రారంభించడానికి మాత్రమే. అయితే, ఎత్తుగా ఉంచుకొనడం ఆరితేరిన వాద్యకారుడు కోరి చేసుకొన్న ఎంపిక. కొత్త విద్యార్థికి అది తెలియకుండా పడిన భారం.

వీణ మేళంతో పోలిక

తీగ వాయిద్యాన్ని వాయించేవారికి తగినట్లు అమర్చే విద్య తెలుగునాట కొత్తది కాదు. సరస్వతీ వీణలో సారణి, పంచమం, మంద్రం, అనుమంద్రం అనే నాలుగు వాయించే తీగల క్రింద 24 మెట్లు ఉంటాయి. వీటిని మసి లేదా బొగ్గుపొడి కలిపిన తేనెమైనంలో నిలబెడతారు. ఈ పనిని మేళం కట్టడం అంటారు. విజయనగరం జిల్లా గొల్లపల్లిలో పనస చెక్కతో తయారయ్యే బొబ్బిలి వీణలకు భౌగోళిక గుర్తింపు లభించింది.

రెండింటిలోను అష్టకానికి 12 మెట్లే. కాని సరిచేసే పద్ధతిలో పెద్ద భేదం ఉన్నది. వీణలో మైనం మెత్తబరచి, ఒక్కొక్క మెట్టును చెవి ఒప్పుకొన్న చోటికి, తగిన ఎత్తుకు జరుపుతారు. బేస్ గిటారులో మెట్ల స్థానాలు గణితాన్ని అనుసరించి కోసిన గాళ్ళలో శాశ్వతంగా బిగించబడి ఉంటాయి. ఒక్కొక్క మెట్టుకు పౌనఃపున్యం సుమారు 1.0595 రెట్లు పెరుగుతుంది. కనుక మెట్లను కాక, బ్రిడ్జిపై ఉన్న శాడిల్‌ను జరుపుతారు. వీణలో ఎండకు మైనం మెత్తబడి మేళం చెడినట్లే, బేస్ గిటారులో వాతావరణం మారినపుడు మెడ వంపు చెడుతుంది.

వాతావరణం, జాగ్రత్తలు

వరంగల్ ప్రాంతంలో వేసవి ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెంటీగ్రేడును దాటుతుంది. జూన్ నుండి సెప్టెంబరు వరకు నైరుతి రుతుపవనాల తేమ ఉంటుంది. ఎండుగాలి నుండి తడిగాలికి మారే ఈ కాలంలో చెక్క ఉబ్బడం, కుంచించుకొనడం వల్ల మెడ వంపు మారుతుంది. వంపు పెరుగుతుందా, తగ్గుతుందా అన్నది చెక్క రకాన్ని, దానిపై పూతను బట్టి ఉంటుంది. కనుక ఏటా కనీసం రెండుసార్లు, వేసవిలో ఒకసారి, వానలు స్థిరపడిన తరువాత ఒకసారి కొలిచి చూడడం మంచిది.

వాయిద్యాన్ని రేకుల కప్పు క్రింద, కిటికీ ఎండలో, నిలిపి ఉంచిన కారులో వదలరాదు. కూలరు నుండి వచ్చే తడిగాలి నేరుగా తగిలేచోట ఉంచరాదు. నాలుగు తీగలనూ ఒకేసారి తీసివేయకుండా ఒక్కొక్కటిగా మార్చితే మెడపై లాగుడు హఠాత్తుగా పోదు. పని చేసేటపుడు ఆంప్లిఫయరు తీగను వాయిద్యం నుండి తీసివేయాలి.

మొదటి మరను తిప్పే ముందే అప్పటి కొలతలన్నీ తేదీతో సహా ఒక నోటు పుస్తకంలో వ్రాసుకొనాలి. తిప్పిన ప్రతిసారీ ఎంత తిప్పినదీ, ఏ వైపు తిప్పినదీ నమోదు చేయాలి. ఈ పట్టిక దగ్గర ఉన్నంతకాలం ట్రస్ రాడ్, శాడిల్, పికప్ మరలలో చేసిన మార్పు నచ్చకపోతే పూర్వస్థితికి తిరిగి రావచ్చును. మూడు, నాలుగు ఋతువులు గడిచిన తరువాత తన వాయిద్యం ఏ కాలంలో ఎటు వంగుతుందో ఆ పట్టికే విద్యార్థికి తెలియజేస్తుంది.